సీల్ ఊడితే తప్పు మెషీన్‌ది కాకపోవచ్చు
ఆహారం పెట్టిన ప్లాస్టిక్ సంచిలోంచి గాలి లాగేసి మూతి అతికించే వాక్యూమ్ సీలర్ మెషీన్ల మీద ఒక వ్యాసం చదివాను. సీల్ నిలవకపోతే సక్షన్ (గాలి లాగే శక్తి) ఎక్కువున్న మెషీన్ కొనమని అందులో రాశారు, దీంతో ఏకీభవించలేను. గాలి లాగడం వేరు, అతుకు వేయడం వేరు. అతుకు పడే చోట తడో జిడ్డో పిండో ఉంటే ఎంత బలమైన పంపున్నా రెండు పొరలూ సరిగ్గా అంటుకోవు, మర్నాటికల్లా సంచిలోకి గాలి చేరుతుంది. నింపే ముందు సంచి మూతిని 5 సెంటీమీటర్ల మేర బయటికి మడవండి. నింపాక మడత విప్పి, పైన 7-8 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. మాంసం, చేపల్లాంటివి ముందు గంటా రెండు గంటలు ఫ్రీజర్‌లో గట్టిపడనిస్తే నీరు అతుకు దాకా రాదు. వరసగా సంచులు చేస్తుంటే మధ్యమధ్యలో అతుకు వేసే హీటింగ్ పట్టీని చల్లారనివ్వాలి, లేదంటే ప్లాస్టిక్ కరిగి చిల్లు పడుతుంది. ఇక గాలే లాగకపోతే మెషీన్ మూత చుట్టూ ఉండే రబ్బరు పట్టీ (గాస్కెట్) చూడండి, అందులో చిన్న మెతుకు ఇరుక్కున్నా చాలు. ఇంతకంటే ముఖ్యమైనది వ్యాసంలో రానే లేదు: గాలి తీసేశాం కదా అని ఫ్రిజ్‌లో ఉండాల్సినవి బయట పెట్టకూడదు. బొటులిజం అనే ప్రాణాంతకమైన ఫుడ్ పాయిజనింగ్ తెచ్చే బాక్టీరియా ఆక్సిజన్ లేని చోటే పెరుగుతుంది. అందుకే సీల్ చేసి ఫ్రీజ్ చేసిన చేపను కరిగించేటప్పుడు కూడా సంచి కోసి, తెరిచి ఉంచి ఫ్రిజ్‌లో పెట్టాలి.