నాన్న క్యాసెట్టులో మిగిలిన సగం

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో జరిగింది చాలామంది చూశారు. చూడనివాళ్లు అప్పటికే భోజనాల లైన్లో ఉన్నారు, వాళ్లకోసం రెండు ముక్కల్లో చెప్తాను. పంచాంగ శ్రవణం ఎప్పటిలాగే అరగంట ఎక్కువైంది. స్పాన్సర్లకు శాలువాలు కప్పి ఫొటోలు తీయడానికి ఇంకో పావుగంట పట్టింది. అలా జరిగీ జరిగీ పాత పాటల విభాగం ‘ఆణిముత్యాలు’ వంతు పన్నెండూ ముప్పావుకి వచ్చింది. అప్పటికి కెఫెటేరియా తలుపు తీశారు, గుత్తివంకాయ వాసన ఆడిటోరియంలోకి వచ్చేసింది. నేను మైకు అందుకునేసరికి ముందు వరుసలో నలుగురు పెద్దవాళ్లు, వాళ్ల పక్కన మా ఆవిడ మిగిలారు. పల్లవి, మొదటి చరణం పాడాను. రెండో చరణానికి ముందు వచ్చే సంగీతం మొదలైందో లేదో, ట్రాక్ మెల్లగా తగ్గిపోయి ఆగిపోయింది. సౌండ్ దగ్గరున్న కుర్రాడు బాగుందన్నట్టు బొటనవేలు ఎత్తి చూపించాడు. యాంకరమ్మాయి వచ్చి "థాంక్యూ అంకుల్, లంచ్ రెడీ అండీ" అని అందరికీ దారి చూపించింది.

నేను పాడింది 1989లో వచ్చిన ‘గీతాంజలి’లో పాట. వేటూరి రాసి, ఇళయరాజా బాణీ కట్టి, బాలు పాడిన పాట. మూడు వారాలు బేస్‌మెంట్‌లో సాధన చేశాను. (కరోకే ట్రాకులు వచ్చాక మన బేస్‌మెంట్లన్నీ రికార్డింగ్ థియేటర్లే కదా. ప్రతి ఇంట్లో కింద ఒక బాలు, పైన వంటింట్లో ఆయన్ని భరించే శ్రోత.)

నిజానికి నేను పేరిచ్చింది ‘రెట్రో’ విభాగానికి. వారం ముందు యూత్ కమిటీ నుంచి వాట్సాప్‌లో రూల్స్ వచ్చాయి. రెట్రో అంటే 2000 నుంచి 2010 దాకా అట! ఫోన్ చేస్తే ఆ అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. "అది మరీ పాతది అంకుల్. మిమ్మల్ని ఆణిముత్యాల్లో వేశాం." ఆణిముత్యాల్లో నాకు ముందు పాట ‘మాయాబజార్’ది. ముప్పై రెండేళ్ల తేడా ఉన్న 1957నీ 1989నీ పిల్లలు ఒకే గంపలో వేశారు.

నొచ్చుకున్నానా అంటే, నొచ్చుకున్నాను. పాట ఆగినందుకంటే ఆ గంప గురించే ఎక్కువ బాధ. ఆ రాత్రి మన సంఘం ఈసీకి, అంటే కార్యవర్గానికి, పెద్ద ఉత్తరం టైప్ చేశాను. "పాత పాటంటే మర్యాద తెలియని తరం" అని రాశాక చెయ్యి ఆగింది. ఈ మాట నేను ఎక్కడో విన్నాను. మా నాన్న అన్నమాట అది, అన్నది నన్నే.

మా నాన్న తెనాలిలో హైస్కూలు మాస్టారు. బోసు రోడ్డులో ఒక రికార్డింగ్ షాపు ఉండేది. తెల్లకాగితం మీద కావలసిన పాటలు వరసగా రాసిచ్చి, ఖాళీ క్యాసెట్టుకు డబ్బు కట్టి వస్తే, వారం తర్వాత రికార్డు చేసి ఇచ్చేవాడు. (అది పైరసీ అని మాకు తోచలేదు. అణా పైసలతో సహా లెక్క చూసుకునే నాన్నకు కూడా తోచలేదు.) అలా ఆయన చేయించుకున్న అరవై నిమిషాల క్యాసెట్టు ఒకటుంది. ఒక వైపు ఘంటసాల సినిమా పాటలు, రెండో వైపు ఎక్కువగా పద్యాలు. అట్ట మీద ముత్యాల్లాంటి అక్షరాలతో పాటల పేర్లు రాసుకున్నాడు. ఇంట్లో నాలాంటివాడు ఒకడున్నాడని తెలుసు కాబట్టి, క్యాసెట్టు అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలూ విరిచేశాడు. అవి విరిస్తే రికార్డు మీట కిందికి దిగదు. మా తరంవాళ్లకి చెప్పక్కర్లేదు, పిల్లల కోసం రాస్తున్నాను.

1994లో ‘ప్రేమికుడు’ వచ్చింది. నాకు పదిహేడేళ్లు. స్నేహితుడి దగ్గర ఆ క్యాసెట్టు ఒక్క రాత్రికి దొరికింది. ఖాళీ క్యాసెట్టు కొనడానికి డబ్బుల్లేవు. నోటుబుక్కులో కాగితం చింపి, ఉండలు చుట్టి ఆ రెండు కన్నాల్లో కూరాను. మేనమామ కువైట్ నుంచి తెచ్చిన టూ ఇన్ వన్, స్నేహితుడి టేప్ రికార్డరు ఎదురెదురుగా పెట్టి, గది తలుపేసి, ఊపిరి బిగబట్టి రికార్డు చేశాను. ఆ రికార్డింగులో ఒకచోట మా అమ్మ "ఒరే, పాలు పొంగుతున్నాయేమో చూడు" అనడం కూడా ఉంటుంది.

మర్నాడు సాయంత్రం నాన్న స్కూలు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, పడక్కుర్చీలో కూర్చుని మీట నొక్కాడు. ఘంటసాలకు బదులు రహమాన్ డ్రమ్ములు. నాన్న ఆపేసి, క్యాసెట్టు బయటికి తీసి, కన్నాల్లో కాగితం ఉండల్ని చూశాడు. "బాగా ఆలోచించావురా" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది. ఆ మర్యాద లేని తరం మాట మర్నాడు అమ్మతో అంటుంటే విన్నాను. రహమాన్ గురించి మాత్రం నా ముందే అనేవాడు, "అది పాట్రా? సైకిలుకి గాలి కొడుతున్నట్టుంది" అని.

ఇప్పుడు నేను పిల్లల పాటల గురించి కారులో అనే మాటలకీ దీనికీ పెద్ద తేడా లేదు. సైకిలు పంపు పోయి, నా నోట్లో మిక్సీ వచ్చింది.

ఆ క్యాసెట్టుతో అసలు కథ తర్వాత మొదలైంది. ‘ప్రేమికుడు’ పాటలు రెండో వైపు సగంలోనే అయిపోయాయి. మిగిలిన టేపు మీద నాన్నవి చెరగకుండా ఉండిపోయాయి. రహమాన్ ఆగగానే టక్కుమని ఒక చప్పుడు, వెంటనే ఘంటసాల గొంతులో ‘పుష్పవిలాపం’, అదీ పద్యం మధ్యలోంచి. మా గుంటూరు జిల్లా కరుణశ్రీ గారి పద్యాలు. పూజకు పూలు కోయబోయిన మనిషితో పూలు తమ గోడు చెప్పుకోవడం. ఎంసెట్‌కి చదువుతూ రాత్రిళ్లు ఆ క్యాసెట్టు పెట్టుకునేవాణ్ణి. వెనక్కి తిప్పడానికి లేవాలంటే బద్ధకం. పైగా కరెంటు పోతే బ్యాటరీల మీద నడిచేది, వెనక్కి తిప్పితే బ్యాటరీలు దండగ. అందుకని అలా నడవనిచ్చేవాణ్ణి. ఆ చివరి సగం ఎన్ని వందల సార్లు విన్నానో లెక్కలేదు, ఒక్కసారి కూడా కావాలని వినలేదు. నాకు ఇప్పటికీ ‘పుష్పవిలాపం’ మధ్య నుంచే గడగడా వస్తుంది. మొదటి పద్యాలు ఈ దేశం వచ్చాక యూట్యూబ్‌లో నేర్చుకున్నాను.

నాన్న నన్ను కూర్చోబెట్టి "ఇదీ మన సంస్కృతి, విను" అని ఉంటే నేను వినేవాణ్ణి కాదు. ఆ పని ఆయన చేశాడు కూడా, నేను పారిపోయాను.

తరాల మాటకొస్తే, ఆ రోజు మధ్యాహ్నం స్టేజి మీద ఇంకోటి జరిగింది. రెట్రోలో పిల్లలు ‘ఖుషి’ పాటకు డాన్స్ చేశారు. 1955లో ‘మిస్సమ్మ’ కోసం పింగళి రాసి, సాలూరి రాజేశ్వరరావు స్వరపరిచి, ఏ.ఎం. రాజా పాడిన ఆడవాళ్ల మాటల పాటను 2001లో మణిశర్మ కొత్తగా చేశాడు కదా, అది. ఆ ఏడు మా నాన్నకు ఫోన్ చేస్తే, కాలింగ్ కార్డు నిమిషాలు తరిగిపోతున్నాయన్న ధ్యాస లేకుండా, రాజాగారి పాటను నాశనం చేశారని తిట్టిపోశాడు. 2022 డిసెంబరు 31న ‘ఖుషి’ మళ్లీ విడుదలైతే, అది వచ్చినప్పటికి పుట్టని పిల్లలు కూడా థియేటర్లలో సీట్లెక్కి గంతులేశారు. మన స్టేజి మీద యాంకరమ్మాయి దాన్ని "క్లాసిక్" అంది. ముందు వరుసలో ఒక పెద్దాయన కళ్లు మూసుకుని, డ్రమ్ములతో పని లేకుండా, రాజా నడకలో అదే పాట కూనిరాగం తీస్తున్నారు. ఆయన ఈ దేశానికి తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) పుట్టకముందే వచ్చినవారు. 1971లో ఘంటసాల అమెరికా వచ్చి పాడినప్పుడు విన్నారట. స్టేజి మీద పదిహేనేళ్ల పిల్లకీ, కింద ఈయనకీ మాటలు ఒక్కటే. నాకు ఆ నిమిషంలో నవ్వొచ్చింది, కాస్త గొంతూ పట్టుకుంది.

కాబట్టి పిల్లల్ని అనేముందు మన లెక్క చూసుకోవాలి. నాకు పదిహేడేళ్లప్పుడు ఘంటసాల, చిత్తూరు నాగయ్య ఒకే కాలం కాదూ? నేను వేసిన గంపలో మా నాన్న మనసు ఎంత నలిగిందో ఎప్పుడైనా అడిగానా? ఘంటసాల 1974 ఫిబ్రవరిలో పోతే నాన్న రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదని అమ్మ చెప్తే, ఒక సినిమా గాయకుడి కోసమా అని నవ్వాను. 2020 సెప్టెంబరు 25న ఆఫీసు మీటింగ్ మధ్యలో బాలు పోయాడని ఫోన్‌లో చూసి, కెమెరా ఆపేసి కూర్చుండిపోయాను. మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి చూసింది, నవ్వలేదు. నాకంటే మంచిది.

పిల్లలకు పాతదంటే పడదన్నది కూడా నిజం కాదు. వాళ్ల దశాబ్దం మీద వాళ్లే తీర్పు తిరగరాస్తారు. 2010లో ‘ఆరెంజ్’ ఆడలేదు. హారిస్ జయరాజ్ పాటలు మాత్రం పిల్లల ఫోన్లలో బతికాయి. 2023 మార్చిలో మళ్లీ వేస్తే హాళ్లలో జనం తెరతో పాటు ప్రతి పాటా పాడారు. అదే నెలలో ‘నాటు నాటు’కు ఆస్కార్ అందుకుంటూ కీరవాణి చెప్పింది ఎవరి గురించి? చిన్నప్పుడు విన్న కార్పెంటర్స్ అనే అమెరికా అన్నాచెల్లెళ్ల పాటల జంట గురించి. ఆ వేదిక మీద వాళ్ల బాణీలోనే నాలుగు మాటలు పాడాడు కూడా. ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయిని కార్పెంటర్స్ ఎవరని అడిగితే తెలియదంది. అమెరికా పిల్లలకు అమెరికా పాత పాటే తెలియనప్పుడు, మన వేటూరి తెలియలేదని ఉలిక్కిపడటం ఎందుకు? ఇంకో సంగతి. ఆ ‘నాటు నాటు’ను ఆస్కార్‌కి ముందు కుప్పిగంతులన్నవాళ్లు మన సంఘంలోనే ఉన్నారు. తర్వాత దీపావళికి పంచె ఎగ్గట్టి ముందు వరుసలో ఎగిరిందీ వాళ్లే. పేర్లు వద్దులెండి, ఒకటి నాదే.

ఇంకా నిజం చెప్పాలంటే, పిల్లల ఐటెమ్స్‌కి మనం ఇచ్చే మర్యాద ఏపాటిది? మన పిల్ల డాన్స్ అవగానే కారిడార్‌లోకి పోయి ఇళ్ల రేట్లు, గ్రీన్ కార్డు డేట్లు మాట్లాడుకునేది ఎవరు? నా పాటప్పుడు జనం భోజనానికి వెళ్లారు, కనీసం ఆకలనే కారణం ఉంది.

అంతా ఒప్పుకుంటాను. అయినా నాకొక బాధ మిగిలే ఉంది. అది రెట్రో గీత ఎక్కడ గీశారన్నది కాదు, పాట పూర్తి కాకపోవడం. ఈమధ్య మన ఏ వేడుకలోనూ ఒక పాట చివరిదాకా వినిపించడం లేదు. పిల్లల మెడ్లీలో ఇరవై సెకన్లకొక పాట, పెద్దవాళ్లకైతే ఒక చరణం. మా నాన్న పద్యాలు నాకు అంటింది టేపు ఆపకుండా చివరిదాకా నడిచినందుకే. ఇరవై సెకన్లలో హుక్ స్టెప్ పట్టుబడుతుంది. ‘తీయని’కీ ‘తియ్యటి’కీ తేడా పట్టుబడదు. ఇక్కడి తెలుగు బడి ‘మనబడి’లో ఏడాదంతా కూర్చోబెట్టి నేర్పినా పిల్లల నోట పలకని ‘ళ’, ఒక పాట పూర్తిగా వంద సార్లు వింటే దానంతటదే పలుకుతుంది. మా అమ్మాయికి అలాగే పలికింది, అదీ నేను విసుక్కునే పాటతో.

ఈసీ వాళ్లకు నా విన్నపం. దయచేసి ఆ ‘ఆణిముత్యాలు’ విభాగం ఎత్తేయండి. పేరు పెద్దది, కుర్చీలు ఖాళీ. పాత పాటను పిల్లల రెండు డాన్సుల మధ్య పెట్టండి. తమ వంతు కోసం మేకప్ వేసుకుని, స్టేజి పక్కన కదలడానికి వీల్లేకుండా ముప్పై మంది పిల్లలు నిలబడతారే, సరిగ్గా అప్పుడు. వాళ్లు వినక్కర్లేదు, చెవిన పడితే చాలు. యూత్ కమిటీకి ఇంకో మాట. మా పాటల్ని రీమిక్స్ చేయండి, ర్యాప్ కలపండి, కాగితం ఉండలు కూరి మా వాటి మీదే మీవి రికార్డు చేసుకోండి. చివర్లో కొంచెం మాత్రం చెరపకుండా వదలండి. కార్యక్రమం మొత్తంలో ఒక్క పాట, ఏ దశాబ్దానిదైనా సరే, మీరు చెప్పిందైనా సరే, పల్లవి నుంచి చివరి చరణం దాకా. ఆ అయిదు నిమిషాలు శాలువాల లెక్కలో తగ్గించుకోండి.

ఈసీకి రాసిన ఉత్తరం పంపలేదు. సౌండ్ దగ్గరున్న బాబూ, నీ మీద నాకు కోపం లేదు, పైనుంచి టైము చూడమన్నారని నాకు తెలుసు. నువ్వు ఆపిన చోట నుంచి ఆ పాటలో ఇంకా రెండు నిమిషాలుంది. వచ్చే శనివారం సాయంత్రం మా ఇంటికి రా. ఆంటీ పునుగులు వేస్తానంది. నీకు నచ్చిన పాట కూడా తెచ్చుకో, చివరిదాకా వింటాను, మిక్సీ అనను.