తలుపు తీయాలంటే అబద్ధమాడాలా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ తర్వాత జరిగింది పాఠకులకు తెలిసిందే. నిన్నటిదాకా భేషుగ్గా పనిచేసిన కంప్యూటర్లు రాత్రికి రాత్రి పాతవైపోయాయి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదనో, ప్రాసెసర్ పాత తరానిదనో విండోస్ 11 వాటిలో ఎక్కనంటోంది. బాగున్న మెషీన్‌ను పారేయడం ఇష్టంలేనివాళ్లు చాలామంది విండోస్‌కు బదులుగా ఉచితంగా వాడుకోగలిగే ఉబుంటు, మింట్, ఫెడోరా లాంటి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లకు మారారు. వాళ్లందరూ నిపుణులేం కాదు. విద్యార్థులు, రిటైరైనవాళ్లు, సొంత లెక్కలు సొంతంగా రాసుకునే చిన్న వ్యాపారులు కూడా ఉన్నారు.

మారడం వాళ్లకు పెద్ద కష్టమేమీ కాలేదు. మారాక ప్రజల పనులు చూసే సంస్థల దగ్గర ఎదురవుతున్న తిరస్కారమే మాకు కోపం తెప్పిస్తోంది. పన్ను కట్టడానికో, పరీక్షకు దరఖాస్తు పెట్టడానికో సైట్ తెరుస్తారు. ‘మీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మద్దతు లేదు, విండోస్ కంప్యూటర్ నుంచి ప్రయత్నించండి’ అని ఒక లైను కనిపిస్తుంది. ఇక ముందుకు పోనివ్వదు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే నెట్ సెంటర్‌కు వెళ్లమంటారు. గడువు చివరి రోజైతే ఆ టెన్షన్ గురించి చెప్పనే అక్కర్లేదు.

ఆ తిరస్కారం వెనక ఏముందో చూడండి. బ్రౌజర్ ఏ సైట్‌కు వెళ్లినా తానెవరో, ఏ సిస్టమ్ మీద నడుస్తోందో చెప్పే ఒక చిన్న వరుసను ముందుగా పంపిస్తుంది. దాన్ని యూజర్ ఏజెంట్ అంటారు. చాలా సైట్లు ఆ వరుసలో విండోస్ అన్న మాట ఉందా లేదా అని మాత్రమే చూస్తాయి. బ్రౌజర్‌కు తగిలించే ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ వేసి అక్కడున్న లినక్స్ అన్న మాటను విండోస్ అని మార్చండి. చాలాసార్లు అదే కంప్యూటర్‌లో, అదే బ్రౌజర్‌లో, మద్దతు లేదన్న అదే పేజీ మామూలుగా తెరుచుకుంటుంది. ఫారం నింపవచ్చు, డబ్బు కట్టవచ్చు, రసీదు కూడా వచ్చేస్తుంది. అంటే అడ్డం పడింది సాంకేతిక సమస్య కాదు, ఎవరో రాసిన ఒక షరతు. ఆ షరతు దాటాలంటే పౌరుడు అబద్ధం చెప్పాలి. తాను చెప్పే ప్రతి వివరమూ నిజమేనని ప్రమాణం చేసి నింపాల్సిన ఫారం దగ్గరికి చేరడానికే ముందు ఒక అబద్ధం ఆడాలి!

ఇదంతా భద్రత కోసమేనని వాదించేవాళ్లున్నారు. ఆ వాదన నిలబడదు. విండోస్ 10లో నడిచినా, విండోస్ 11లో నడిచినా బ్రౌజర్ ఆ వరుసలో పంపేది ‘విండోస్ ఎన్‌టీ 10.0’ అన్న ఒకే గుర్తు. అందులోంచి సైట్ ఆ రెంటికీ తేడా పట్టలేదు. కాబట్టి భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన పాత విండోస్ మెషీన్‌ను లోపలికి రానిచ్చేస్తుంది, నిన్న రాత్రే అప్‌డేట్ అయిన లినక్స్ మెషీన్‌ను మాత్రం గుమ్మంలోనే ఆపేస్తుంది. తాళం వేసుకున్నవాణ్ని వెళ్లగొట్టి, తలుపులు బార్లా తెరిచి పెట్టుకున్నవాణ్ని ఆహ్వానించడాన్ని భద్రత అని ఎలా అంటారు?

అసలు దుర్మార్గం ఇంకొకటి ఉంది. ఇంటర్నెట్‌లోని సర్వర్లలో అధిక భాగం నడిచేది లినక్స్ మీదే. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని 500 అత్యంత వేగవంతమైన సూపర్ కంప్యూటర్ల జాబితాలో లినక్స్ కానిది ఒక్కటీ లేదు. జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉన్నదీ లినక్స్ కెర్నెలే, అంటే ఆ సిస్టమ్ గుండెకాయే. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి మొదలుపెట్టిన ఆ కెర్నెల్‌ను వేలమంది కలిసి నిర్మించారు, అందరికీ వదిలేశారు. పైసా లైసెన్సు ఫీజు కట్టకుండా దాని మీద సర్వర్లు నడుపుకుంటున్న సంస్థలే, అదే లినక్స్ తన బల్ల మీద పెట్టుకుని వచ్చిన మనిషికి ప్రవేశం లేదంటున్నాయి. తమకు ఖర్చు మిగిలేచోట లినక్స్ నమ్మదగినది, ప్రజల చేతిలో ఉంటే మాత్రం అనుమానించదగినదా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. 2001లో లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చింది నాటి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బాల్మర్. ఆ మైక్రోసాఫ్టే ఇప్పుడు తన క్లౌడ్‌లో లినక్స్‌ను అమ్ముకుంటోంది, విండోస్ లోపలే లినక్స్‌కు చోటిచ్చింది. ఆ కంపెనీ మారింది. ఈ సైట్లు నడిపే పెద్దలు మాత్రం ఇంకా మారలేదు.

లినక్స్‌కు మారితే అన్నీ సుఖాలేనని మేం చెప్పడం లేదు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే వాడి చూసే వీలుంది కాబట్టి మొదటి అడుగు సులువే. ఆ తర్వాతే చిన్న చిన్న చిక్కులు మొదలవుతాయి. కొన్ని లాప్‌టాప్‌లలో వైఫై చిప్‌కు డ్రైవర్ విడిగా వేయాలి, దాన్ని దించుకోవడానికి ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్టేమో ఆ వైఫై ద్వారానే రావాలి. అప్పుడు ఫోన్‌ను కేబుల్‌తో కలిపి నెట్ తీసుకోవడం తప్ప దారి లేదు. విండోస్, లినక్స్ రెండూ ఒకే మెషీన్‌లో పెట్టుకుంటే గడియారం తప్పుతుంది. మదర్‌బోర్డు మీది గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా చదువుతుంది, లినక్స్ దాన్నే అంతర్జాతీయ సమయంగా లెక్కిస్తుంది. దాంతో ఇందులోంచి అందులోకి వెళ్లినప్పుడల్లా టైమ్ గంటల తేడాతో కనబడుతుంది. ఒక్క సెట్టింగ్‌తో పోయే సమస్య ఇది. కానీ ఆ సెట్టింగ్ ఉందని కొత్తవాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి. విండోస్‌ను త్వరగా ఆన్ చేసే ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్‌ను ఆపకపోతే విండోస్ డ్రైవ్‌లోని ఫైళ్లు లినక్స్‌లో తెరుచుకుంటాయి గానీ, మార్చి సేవ్ చేయనివ్వదు. సాయం అడిగిన కొత్తవాళ్ల ముఖాన అర్థంకాని కమాండ్లు విసిరేసే పాత కాపులు కూడా కొంత మర్యాద నేర్చుకోవాలి.

అయితే ఇవన్నీ రెండు మూడు వారాల్లో సర్దుకునే ఇబ్బందులు. మరోవైపు, అప్‌డేట్ల కోసం పని మధ్యలో మెషీన్ దానంతటదే రీస్టార్ట్ కావడం ఉండదు, స్టార్ట్ మెనూలో ప్రకటనలు ఉండవు. ప్రింటర్ల సంగతి ఒకప్పటిలా లేదు. ఈ మధ్య వచ్చినవాటిలో చాలావాటికి డ్రైవర్ అనేదే అక్కర్లేదు. ఆటల విషయంలోనూ 2018లో గేముల సంస్థ వాల్వ్ తెచ్చిన ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని వేల విండోస్ గేములు లినక్స్‌లో ఆడుతున్నాయి. ఆడనివాటిలో చాలావాటిని ఆపింది వాటిని తయారుచేసిన కంపెనీల నిర్ణయం. అది వాళ్ల వ్యాపారం, దాని మీద మాకు పేచీ లేదు.

పేచీ అంతా తప్పించుకోలేని చోట్ల గురించే. సినిమా చూపించే సైట్ వద్దంటే ఇంకో సైట్ చూసుకుంటాం. పన్ను కట్టడానికి ఇంకో ప్రభుత్వాన్ని చూసుకోలేం కదా. కొన్ని చోట్ల ఫారం పీడీఎఫ్‌గా ఇస్తారు. దించుకుని తెరిస్తే ‘దయచేసి ఆగండి’ అన్న అర్థమిచ్చే ఇంగ్లిష్ వాక్యాలతో ఒకే ఒక్క పేజీ కనిపిస్తుంది. ఎంతసేపు ఆగినా ఫారం రాదు. అది ఎక్స్ఎఫ్ఏ అనే పద్ధతిలో చేసిన పత్రం, చాలా పీడీఎఫ్ రీడర్లు దాన్ని చూపించలేవు. పీడీఎఫ్ 2.0 ప్రమాణం 2017లోనే ఆ పద్ధతిని పక్కన పెట్టింది. దాన్ని పూర్తిగా చూపించగల అడోబ్ రీడర్‌కు లినక్స్ వెర్షన్లు రావడం ఎన్నడో ఆగిపోయింది. వదిలేసిన పద్ధతిలో ఫారం తయారుచేసి, తెరుచుకోలేదంటే తప్పు మీ కంప్యూటర్‌దే అనడం ఎక్కడి న్యాయం? డిజిటల్ సంతకం కోసం కంప్యూటర్‌కు గుచ్చే డాంగిల్‌కు విండోస్ డ్రైవర్ మాత్రమే ఇవ్వడం, ఆన్‌లైన్ పరీక్షలో నిఘా సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడవడం కూడా ఈ కోవలోవే. ఏ కంపెనీకీ కట్టుబడని ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్ అనే ఫైలు పద్ధతి 2006లోనే ఐఎస్ఓ అంతర్జాతీయ ప్రమాణమైంది. అయినా ఆ ఫైలు పంపితే తిప్పి కొడుతున్నారు.

లినక్స్ వాడేవాళ్లు కొద్దిమంది, రకాలేమో బోలెడు, అన్నింటి మీదా పరీక్షించడం ఖర్చు అన్నది సంస్థల సమాధానం. కానీ అన్ని రకాల మీదా పరీక్షించమని అడిగిందెవరు? ఫైర్‌ఫాక్స్ ఏ సిస్టమ్ మీదైనా ఫైర్‌ఫాక్సే. వెబ్ ప్రమాణాలకు కట్టుబడి పేజీ రాస్తే కింద ఏ సిస్టమ్ ఉందన్నది లెక్కలోకే రాదు. అడ్డుకునే షరతు రాయడానికి పట్టే శ్రమ, రాయకుండా ఊరుకోవడానికి పట్టదు.

ఇక జర్మనీలోని మ్యూనిక్ నగరం పేరు ఎత్తేవాళ్లు ఉంటారు. ఆ నగరపాలక సంస్థ సుమారు 15 వేల కంప్యూటర్లను లినక్స్‌కు మార్చి, 2017లో తిరిగి విండోస్ వైపు వెళ్లాలని తీర్మానించిన మాట నిజమే. బయటి సంస్థలతో పత్రాలు ఇచ్చిపుచ్చుకోవడంలో ఇబ్బందులన్నది అప్పట్లో గట్టిగా వినిపించిన ఫిర్యాదుల్లో ఒకటి. అంటే మారినవాణ్ని చుట్టూ ఉన్నవాళ్లు మారనివ్వకపోవడం. ఫ్రాన్స్ జాండార్మరీ పోలీసు దళం ముందు ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ను, తర్వాత బ్రౌజర్‌ను, మెయిల్‌ను మార్చుకుని, అప్పుడు గానీ ఉబుంటు జోలికి వెళ్లలేదు. పదుల వేల సంఖ్యలో కంప్యూటర్లను అలా నడుపుతోంది. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం తన 30 వేల కంప్యూటర్లను ఈ దారిలోకి మళ్లిస్తామని 2024లో ప్రకటించింది. పోలీసు దళానికి పనికొచ్చిన వ్యవస్థ పౌరుడి దరఖాస్తుకు పనికిరాకుండా పోతుందా?

ఈ రోజు ఆపరేటింగ్ సిస్టమ్ చూసి వెనక్కి పంపడాన్ని ఒప్పుకుంటే రేపు బ్రౌజర్ చూసి పంపుతారు, ఎల్లుండి ఫలానా కంపెనీ అకౌంట్ ఉంటేనే రమ్మంటారు. ఒక ప్రైవేటు కంపెనీ సరుకు కొనడం పౌరసేవకు అర్హత ఎప్పుడైంది? ఏ చట్టసభ చేసింది ఈ చట్టం? ఎవరూ చేయలేదు. ఎవరో కాంట్రాక్టరు రాసిన కోడ్‌ను ఎవరో అధికారి చదవకుండా సంతకం పెట్టి తీసుకున్నారు, దాన్నే నిబంధనగా చలామణి చేస్తున్నారు.

ఆ సైట్ల బాధ్యులకు మేం చెప్పేది ఇదే. విండోస్ పేరు వెతికే ఆ షరతును మీ పేజీల్లోంచి ఈ వారమే తీసేయండి. తీయలేమంటే, అది ఎందుకు పెట్టారో, పెట్టమని ఎవరు చెప్పారో కారణం రాసి, మీ పేరు పెట్టి, అదే పేజీలో ప్రచురించండి. ఎక్స్ఎఫ్ఏ ఫారాల స్థానంలో మామూలు వెబ్ ఫారాలు పెట్టండి. విండోస్ డ్రైవర్ మాత్రమే ఇచ్చే డాంగిళ్లకు టెండర్లలో తలుపు మూసేయండి. లినక్స్ మీద సర్వర్లు నడుపుకుంటూ లినక్స్‌కు మద్దతు లేదని రాయడానికి మీకు సిగ్గనిపించాలి. ప్రజలతో అబద్ధాలు ఆడించడం ముందు మానండి, మీ డిజిటల్ సేవల గొప్పలు ఆ తర్వాత చెప్పుకోవచ్చు.