ట్రాక్టర్ ముందు జాలీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మినీ ట్రాక్టర్ ముందు జాలీ గారి సముఖమునకు, చిత్తూరు జిల్లా పూతలపట్టు పక్కన మామిడి తోపు గల రైతు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ తమరి ఎడమ బుగ్గ చీలిపోయింది. ఎడమ లైటు లోపలికి కూరుకుపోయింది. నడుమ మెరుస్తూ ఉండే కంపెనీ బొమ్మ తోపులో ఏ కంపకు వేలాడుతోందో తెలీదు. కుశలం సంగతి వదిలేసి విషయానికి వస్తాను.

తమరిని కొన్నది తోట పనికి. ఇది నా మాట కాదు, కొనేటప్పుడు చేతిలో పెట్టిన రంగుల కరపత్రంలోనే ఉంది. వెడల్పు తక్కువ, ఎత్తు తక్కువ, చెట్ల మధ్య సులువుగా తిరుగుతుందని రాశారు. తిరుగుతుంది, కాదనను. 24 హార్స్ పవర్ ఇంజిను, వెనక నేల దున్నే రోటవేటరు, కొమ్మ కింద దూరిపోతుంది. అయితే దూరేటప్పుడు అన్నిటికంటే ముందు పోయేది తమరే గదా! ఆ భాగాన్ని ఏరికోరి ప్లాస్టిక్‌తో పోయించిన మహానుభావుడు మామిడిని ఎక్కడ చూశాడో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. జ్యూస్ డబ్బా మీద బొమ్మలో చూసి ఉంటాడు. మా తోతాపురి రకం మామిడి ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది కాబట్టి, ఆ లెక్కన ఆయనకూ మాకూ ఏదో దూరపు చుట్టరికం ఉన్నట్టే.

మా చుట్టుపక్కల పాత పెద్ద ట్రాక్టర్లు ఉన్నాయి. రేకు మూతి, సొట్టలు, తుప్పు. కొమ్మ తగిలితే ఇంకో సొట్ట పడుతుంది, సుత్తితో కొడితే సర్దుకుంటుంది. తమరు అట్లా కాదు. కొత్త అల్లుడిలా ఎండ తగలకూడదు, కంప తగలకూడదు, పొరపాటున ఎవరైనా వేలు పెడితే అలక. అలక తీర్చాలంటే కొత్త లైటు 2,400. మా ఆవిడ వెంటనే కాయల్లోకి మార్చి చెప్పింది. 2025లో సర్కారు తోతాపురికి కిలో 12 రూపాయలని ప్రకటించింది కదా, అందులో ఫ్యాక్టరీ ఇచ్చేది 8, సర్కారు కలిపేది 4. పన్నెండు లెక్కన తమరి ఒక్క కన్ను రెండు క్వింటాళ్ల కాయ. ఫ్యాక్టరీ ఇచ్చే ఎనిమిదే చూసుకుంటే మూడు క్వింటాళ్లు.

తమరిని ఈ స్థితికి తెచ్చింది మామిడి ఒక్కటే కాదు. గట్టు మీద సర్కారు తుమ్మ ఉంది. దాని విత్తనాన్ని 1877లో జమైకా నుంచి తెప్పించి, కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఎండు నేలలో బతుకుతుంది, వంటచెరుకుకు పనికొస్తుంది అనుకున్నారు. బతికింది. మేకలు కాయలు తిని విత్తనాన్ని ఊరూరా ఉచితంగా పంచిపెట్టాయి. ఇంత చక్కగా ఇంటింటికీ చేరిన పథకం ఇంకోటి నాకు తెలీదు. దాని ముల్లు టైరునే వదలదు, తమరి పలచటి పళ్ళు దానికి ఒక లెక్కా?

అది చాలదన్నట్టు వానలు పడితే వయ్యారిభామ కలుపు నడుము ఎత్తు లేస్తుంది. ఆ పూల నలుసులు, గడ్డి గింజలు తమరి సందుల్లోంచి లోపలికి పోయి రేడియేటర్ ముందున్న సన్న జల్లెడకు అతుక్కుంటాయి. వెనక ఫ్యాను గాలిని లాగుతూనే ఉంటుంది, గాలికి మాత్రం దారి ఉండదు. ఇంజిన్ వేడి ముల్లు ఎర్రగీత వైపు జరుగుతుంది. దిగి జల్లెడ బయటికి లాగి దులపడం, మళ్ళీ ఎక్కడం, మళ్ళీ దిగడం. తోటకు ప్రత్యేకమని రాసినవాళ్ళు అందులో పచ్చగడ్డి కూడా ఉంటుందని ఎవరినైనా అడిగి ఉంటే బాగుండేది.

తమరి ముందు అడ్డంగా ఇనుప గార్డు కట్టిస్తానని అమ్మినవాళ్ళకు చెబితే, బండికి ఏం తగిలించినా వారంటీ పోతుందన్నారు. సరే, లైటు పగిలితే వారంటీ కింద ఇస్తారా అంటే, కొమ్మ తగిలి పగిలింది వారంటీలోకి రాదన్నారు. కాపాడుకుంటే వారంటీ పోతుంది, కాపాడుకోకపోతే పనికి రాదు. ఇంత పకడ్బందీ కాగితం రాసినవాళ్ళకు రెండు ఇనుప కడ్డీలు ముందు పెట్టే ఆలోచన రాకపోవడం విచిత్రమే.

కనుక తమరికి తెలియజేయునది ఏమనగా, రోడ్డు మలుపులో ఉన్న వెల్డింగ్ షాపులో తమరి కోసం ఇనుప ముసుగు తయారైంది.

నేను లావు పైపు అడిగాను. మేస్త్రి నవ్వి, "ఏంటికన్నా అంత లావు? అడివిపందిని గుద్దేదానికా?" అన్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పింది మాత్రం నవ్వులాట కాదు. గార్డు మరీ మొండిదైతే దెబ్బ దాని దగ్గర ఆగదు, నేరుగా ఇరుసు మీది పోత ఇనుప దిమ్మకు పోతుంది. పోత ఇనుము వంగదు, పగులుతుంది. ముందు వంగాల్సింది గార్డే. వంగిన పైపు వందల్లో తేలుతుంది, దిమ్మ పగిలితే ఆ ఏడాది కాయ అమ్మిన డబ్బు దానికే. అందుకే 40 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపు, మందం 3 మిల్లీమీటర్లు. మీటరుకు మూడున్నర కిలోలు కూడా ఉండదు.

దాన్ని దేనికి బిగించాలన్నది అసలు పేచీ. బానెట్ రేకుకు బిగిస్తే తమరితో పాటు రేకూ ఊడొస్తుంది. రేడియేటర్ చుట్టూ ఉన్న ఫ్రేముకు బిగిస్తే ప్రతి దెబ్బా రేడియేటర్‌కే. మిగిలింది ముందు బరువులు తగిలించే రంధ్రాలు. మేస్త్రి టీవీ పెట్టె అట్ట ముక్క ఒకటి తెచ్చి, ఆ రంధ్రాల మీద అదిమి పట్టుకుని, గ్రీజు అంటిన బొటనవేలితో చుట్టూ రుద్దాడు. నల్లటి గుండ్రాలు అచ్చు పడ్డాయి. అదే ఆయన ఇంజినీరింగ్ డ్రాయింగు. ఆ అట్టను 10 మిల్లీమీటర్ల ప్లేటు మీద పెట్టి సుద్దతో గీసి, బెజ్జాలు వేశాడు. బోల్టులు ఒక్క తోపుకే దూరాయి. బండి మీద పెట్టి వెల్డింగు చుక్కలు వేసేటప్పుడు బ్యాటరీ మైనస్ తీగ ఊడదీసి, రేడియేటర్ మీద తడి గోనెసంచి కప్పాడు. పూర్తి వెల్డింగు కింద దించి కొట్టాడు. బండి చట్రానికి ఒక్క వెల్డింగు చుక్క కూడా అంటలేదు. వారంటీ గారికి ఈ సంగతి మనవి.

కడ్డీల మధ్య నాలుగు వేళ్ళ సందు. సన్న మెష్ కొడతానంటే వద్దన్నాను. గింజల్ని ఆపే పని లోపలి జల్లెడది, కట్టెల్ని ఆపే పని గార్డుది. ముందు కూడా సన్నది పెడితే దులపాల్సిన జల్లెడలు రెండవుతాయి. పైన రెండు పిన్నులు లాగితే మొత్తం ముందుకు పడుకుంటుంది. లేకపోతే బానెట్ లేవదు, బ్యాటరీ కనిపించదు.

ఈ బరువు వల్ల ఇంకో లాభం వచ్చింది. రోటవేటరు ఎత్తి గట్టు ఎక్కితే ముందు చక్రాలు తేలేవి, ఇప్పుడు నేలనంటి ఉన్నాయి. స్టీరింగ్ కాస్త బరువెక్కింది, అది నా భుజాలు చూసుకుంటాయి.

ఇక ఒక ఫిర్యాదు, తమరి మీద కాదు, ముసుగు మీద. కడ్డీలు వెనక్కి వాలి ఉన్నాయి కదా, కొమ్మ వాటి మీద జారి, బానెట్ మీదుగా పాకి, చివర్న వదులుకుని నేరుగా నా మొహానికి వస్తోంది. ఇన్నాళ్ళూ తమరు తిన్న దెబ్బ ఇప్పుడు నాకు బదిలీ అయింది. 2,400 మిగిలిందని సంతోషించాలో, కళ్ళద్దాలు కొనాలో తెలీక కూర్చున్నాను. బానెట్ పక్కల నుంచి సీటు వెనక దాకా రెండు వంపు పైపులు పోనిస్తే కొమ్మ నెత్తి మీదుగా పోతుందని మేస్త్రి అంటున్నాడు. కోతలైపోయాక కింది కొమ్మలు కత్తిరించుకోవడం దానికంటే చవక అని మా ఆవిడ అంటోంది. ఇద్దరిలో ఆవిడ మాటే నెగ్గేలా ఉంది.

తమరు గర్వపడవలసిన పని లేదు, ఈ ముసుగు తోపు వరకే. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. బండ్ల ముందు బుల్ బార్లు, క్రాష్ గార్డులు బిగించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధమట. దారిన పోయేవాడికి ఆ ఇనుము తగిలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు, సబబైన మాటే. ఆ చట్టం లెక్కలో ట్రాక్టరూ మోటారు వాహనమే. కాబట్టి రోడ్డెక్కేముందు పైన రెండు, కింద రెండు పిన్నులు లాగి ముసుగు మోటారు షెడ్డులో పెట్టేస్తాను. తమరు బోసి మొహంతోనే ఊళ్ళోకి రావాలి.

కొత్తలో కాణిపాకం తీసుకెళ్ళి పూజ చేయించాం, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం. నరదిష్టి తగల్లేదు, ఒప్పుకుంటాను. తగిలిందంతా తుమ్మకంపే, దానికి నిమ్మకాయ మంత్రం ఎవరూ చెప్పలేదు.

వచ్చేవారం బండి మళ్ళీ షాపుకు పోతుంది. కింద పొట్ట దగ్గర డీజిల్ ఫిల్టరు ఏ అడ్డూ లేకుండా వేలాడుతోంది, నరికిన తుమ్మ మోడు ఒకటి దానికి బెత్తెడు దూరంలో తప్పింది. దానికి ప్లేటు కొట్టించాలి. ఆ ఫిల్టరు గారికి వేరే లేఖ రాసుకుంటాను, ఇది చూసి తమరు ఈర్ష్య పడవద్దు.

ఇట్లు,
తమరి కంతులు ఇంకా కడుతున్న యజమాని