ఓటీపీ చెప్పండి అంకుల్, ట్రయల్‌లో చేరిపోండి

మా నాన్నగారికి 20 ఏళ్లుగా షుగర్. ఈ 20 ఏళ్లూ ఒకటే ఆసుపత్రి. ఎప్పుడు వెళ్లినా కౌంటర్లో అమ్మాయి అడిగేది ఒకటే: "పాత ఫైల్ తెచ్చారా అంకుల్?" కంప్యూటర్లో ఉంటుంది కదమ్మా అంటే, "సిస్టమ్ స్లోగా ఉందండీ" అంటుంది. పోయిన నెల రక్తపరీక్ష కూడా ఆ సిస్టమ్‌కి దొరకదు. మళ్లీ పరీక్ష, మళ్లీ బిల్లు.

మొన్న మంగళవారం ఆ సిస్టమ్‌కే జ్ఞానోదయమైంది. డాక్టరుగారు నాన్నగారి నంబరు కొట్టీ కొట్టగానే స్క్రీన్ మూలన పసుపు డబ్బా లేచింది. వయసు 67, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 9.1, కిడ్నీలు బాగున్నాయి, స్టెంట్ లేదు. 'ఈ పేషెంటు కొత్త మందు ట్రయల్‌కి అర్హుడు.' 2011లో తీసేసిన గాల్ బ్లాడర్ సంగతి కూడా దానికి గుర్తుంది. మాకే గుర్తు లేదు. పెళ్లిళ్ల పేరయ్య కూడా ఇంత శ్రద్ధగా ఆరా తీయడు.

మేం గుమ్మం దాటేలోపే ట్యాబ్‌తో కోఆర్డినేటర్ ప్రత్యక్షం. ఆ ఆసుపత్రిలో మాకు ఒకరు కుర్చీ వేయడం అదే మొదటిసారి. కాఫీ కూడా తెప్పించింది, చక్కెర లేకుండా. ఫైల్ చదివింది మరి! "కొత్త మందు అంకుల్, అంతా ఫ్రీ." అంగీకార పత్రం తెలుగులోనే ఉంది. 'యాదృచ్ఛికీకరణ' దగ్గర రిటైర్డ్ తెలుగు మాస్టారు మా నాన్నగారే ఆగిపోయారు.

"ఏమిటమ్మా ఇది?"

"అదేం లేదంకుల్, కిందికి జరపండి."

జరిపారు.

"ఇంకా కిందికి."

తిరుమల మెట్లయినా ఎక్కడో ఒకచోట అయిపోతాయి.

"ఓటీపీ వచ్చింది, చెప్పేయండి."

బ్యాంకువాళ్లు ఏళ్ల తరబడి బుర్రకెక్కించిన పాఠం అక్కడ పనికొచ్చింది. "నువ్వు సైబర్ నేరగాళ్ల మనిషివా తల్లీ?" అన్నారాయన, ఎంతో మర్యాదగా.

ఇక్కడిదాకా నవ్వుకున్నాను. పరిశోధన వద్దనేంత తెలివితక్కువవాణ్ని కాదు. నాన్నగారి ఇన్సులిన్ కూడా 1922లో టొరంటోలో ఒక 14 ఏళ్ల కుర్రాడి ఒంట్లోకి ఎక్కాకే మనదాకా వచ్చింది. కానీ మన దగ్గర 'అంగీకారం' అనే మాటకు ఒక చరిత్ర ఉంది. 2009లో భద్రాచలం చుట్టుపక్కల గిరిజన హాస్టళ్లలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు, అధ్యయనం పేరిట. టీకా మంచిదే కావచ్చు. అమ్మానాన్నలు పెట్టాల్సిన సంతకం చాలామందికి వార్డెన్లు పెట్టారు. వార్డెన్లు! అన్నంలో పురుగుందంటే 'నా చేతిలో ఏముందీ' అనే మనిషి చేతిలో పిల్లల ఒళ్లు మాత్రం ఉందా? ఏ సిగ్గూ లేకుండా ఆ కాగితాలను అంగీకారమని లెక్క రాసుకున్నారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం చీవాట్లు పెట్టింది. 2011లో పిడుగురాళ్ల పేద ఆడవాళ్లను హైదరాబాద్ తీసుకొచ్చి మందులు మింగించిన గొడవ వేరే. అప్పట్లో మనుషుల కోసం దళారి ఊరిదాకా బస్సెక్కాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ చార్జీ మిగిలింది.

అర్థమయ్యే భాషలో వివరించాలి, కాపీ చేతికివ్వాలి అని క్లినికల్ ట్రయల్స్ మీద కేంద్రం తెచ్చిన 2019 నిబంధనల్లో ఉంది. ఆ మాటంటే అరగంట నిలబెట్టి ప్రింటు తీసిచ్చారు. నాన్నగారు రాత్రంతా కూర్చుని ఎర్రసిరాతో దిద్దారు. మర్నాడు తీసుకెళ్లి కోఆర్డినేటర్ చేతిలో పెట్టారు. చివరి పేజీలో అడుగున ఇలా ఉంది: 'మార్కులు 100కి 11. తండ్రి సంతకం చేయించుకొని రావలెను.'