యోగానికి యోగం లేదు

పంచాంగానికి అంగాలు ఐదు: తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. ఇందులో నాలుగోదానికి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తరతరాలుగా అన్యాయం జరుగుతుంటే ఇంతవరకు ఒక్క నాయకుడు నోరు మెదపలేదు. ఒక్క రాస్తారోకో లేదు, రిలే నిరాహార దీక్ష లేదు. ఇక నేనే పూనుకోక తప్పలేదు.

తిథికేం, గిరాకీకి లోటు లేదు. అమావాస్య దగ్గరపడితే రొయ్యల గుంట రైతుకు కంటిమీద కునుకుండదు. రొయ్య పెంకు వదిలే రోజులని, మెత్తగా ఉంటే కొనేవాడు రేటు కోస్తాడని టెన్షన్. మైపాడులో వల వేసేవాళ్లకు పోటు, పాటు తిథిని బట్టే. వారం సంగతి చెప్పక్కర్లేదు. శనివారమైతే చాలా ఇళ్లలో చేపల పులుసు బంద్. నక్షత్రం లేకపోతే పెళ్లిళ్ల పేరయ్యలు పస్తులుంటారు. కరణాన్ని ఎవరూ పట్టించుకోరు అనుకుంటామా, రాఖీ వచ్చిందంటే భద్ర ఎప్పుడు పోతుందని టీవీల్లో చర్చ పెడతారు. ఆ భద్ర ఒక కరణమే.

యోగానికి ఏం దక్కింది? మీ వంటింటి గోడకున్న క్యాలెండర్ దగ్గరికెళ్లి చూడండి. తేదీ అరంగుళం ఎత్తున ఉంటుంది. రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం కళ్లజోడు లేకుండానే కనబడతాయి. యోగం ఉంటే చీమ తలకాయంత అక్షరాల్లో ఓ మూల ఉంటుంది. చాలా క్యాలెండర్లలో అదీ ఉండదు. ఉన్న చోట కూడా దాని మీదే ఇల్లాలు బాల్ పెన్నుతో ‘పాలు రాలేదు’ అని రాసుకుని ఉంటుంది.

అసలు యోగం ఎట్లా పుడుతుందో తెలిస్తే మీకే జాలేస్తుంది. మేషం మొదటి నుంచి సూర్యుడు ఎన్ని డిగ్రీల్లో ఉన్నాడో, చంద్రుడు ఎన్ని డిగ్రీల్లో ఉన్నాడో చూసి రెండూ కూడాలి. 360 దాటితే 360 తీసేయాలి. మిగిలినదాన్ని 13 డిగ్రీల 20 నిమిషాలతో భాగించాలి. సూర్యుడు 100, చంద్రుడు 50 అనుకోండి, మొత్తం 150. భాగిస్తే పదకొండు పోయి పన్నెండోది నడుస్తున్నట్టు, అంటే ధ్రువ యోగం. అంతే, కూడిక. తిథి అయితే మేడెక్కి చంద్రుణ్ణి చూస్తే తెలుస్తుంది. నక్షత్రమూ కనబడుతుంది. యోగం మాత్రం ఆకాశంలో ఎక్కడా లేదు. అన్న కావలిలో, తమ్ముడు కందుకూరులో ఉంటే నెల్లూరు నుంచి ఇద్దరి కిలోమీటర్లూ కూడి, వచ్చిన చోట పంచాయితీ పెట్టినట్టుంటుంది వ్యవహారం. అక్కడ అన్నా ఉండడు, తమ్ముడూ ఉండడు.

కనబడకపోతే భయపడకూడదా? రాహువు కనబడుతున్నాడా ఏం? పగటిని ఎనిమిది ముక్కలు చేసి ఒక ముక్కకు ఆయన పేరు పెడితే, రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల మీద గంటన్నర కూర్చుంటున్నాం. తీరా లోపలికి పోతే సర్వర్ డౌన్. యోగం అట్లా కాదు, ఒక్కొక్కటి సగటున ఇరవై రెండున్నర గంటలు నడుస్తుంది. మొత్తం 27లో తొమ్మిది చెడ్డవి: విష్కంభం, అతిగండం, శూలం, గండం, వ్యాఘాతం, వజ్రం, వ్యతీపాతం, పరిఘ, వైధృతి. అంటే జీవితంలో మూడో వంతు! వ్యతీపాతం, వైధృతి శుభకార్యాలకు మొత్తానికే పనికిరావు. పరిఘలో మొదటి సగమే చెడ్డది, రెండో సగానికి అభ్యంతరం లేదు. హాఫ్ డే లీవు దొరలు కనిపెట్టారని ఎవరన్నారు? అంత చెడ్డ వ్యతీపాతమే దానానికి, పితృతర్పణానికి మహా ప్రశస్తం. మన బంధువుల్లోనూ అట్లాంటివాళ్లు ఉంటారు, చావుకైతే అందరికంటే ముందొస్తారు.

ఉగాది నాడు గుళ్లో అయ్యవారు చదివే శ్లోకంలో ‘యోగాద్రోగ నివారణం’ అని ఉంది. యోగం తెలుసుకుంటే రోగం పోతుందని శాస్త్రం. ఇంత చవకైన వైద్యం ఉండగా జనం నెల్లూరు పొగతోట ఆసుపత్రుల్లో చీటీ రాయించుకుని టోకెన్ల కోసం కొట్టుకుంటున్నారు. సిజేరియన్‌కు ముహూర్తం పెట్టించుకునేవాళ్లు నక్షత్రం అడుగుతారు, లగ్నం అడుగుతారు. యోగం ఏంది స్వామీ అని అడిగిన తండ్రిని నేను చూడలేదు.

పురోహితులైనా పట్టించుకుంటున్నారా? సంకల్పంలో శ్రీశైలానికి ఆగ్నేయాన ఉన్నామని మన అడ్రసు ఖచ్చితంగా చెబుతారు. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి అన్నీ పేరుపేరునా వస్తాయి. యోగం దగ్గరికొచ్చేసరికి గబగబా ‘శుభయోగే శుభకరణే’ అని ముందుకెళ్లిపోతారు. ఒక గృహప్రవేశంలో నేను పక్కకు తీసుకెళ్లి అడిగా, “స్వామీ, ఇప్పుడు శూలం నడుస్తోంది కదా, శుభయోగే అన్నారే?”

ఆయన తుండుతో మొహం తుడుచుకుని, “శూలయోగే అంటే ఆ ఇల్లాయన పాలు పొంగించనిస్తాడా నాయనా? నా సంభావన నువ్విస్తావా?” అన్నారు.

శ్రీహరికోట 2022 దాకా మా నెల్లూరు జిల్లాదే, తర్వాత తిరుపతి జిల్లాకు పోయింది. అక్కణ్ణుంచి చంద్రయాన్-3 ఎగిరింది 2023 జులై 14, శుక్రవారం మధ్యాహ్నం 2.35కి. శుక్రవారం రాహుకాలం పన్నెండుకే అయిపోతుంది, యమగండం మూడింటికి గానీ రాదు. ఆ పొద్దున గండయోగం కూడా పోయి వృద్ధి వచ్చేసింది. ఇస్రో వాళ్లు కక్ష్య అనీ, ఇంధనం అనీ ఎన్ని కారణాలు చెప్పినా మా వీధిలో నమ్మేవాళ్లు లేరు. వాళ్లూ సూర్యచంద్రుల్నే చూశారు, కాదనను. దిగే చోట తెల్లవారాలి, ఎండ పద్నాలుగు రోజులు కాయాలి అని ఆగస్టు 23 పెట్టుకున్నారు. ఆ ఇద్దర్నీ కూడి పదమూడు డిగ్రీల ఇరవై నిమిషాలతో భాగించలేదన్నది ఒక్కటే నా అభ్యంతరం.

కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇద్దామని ఉంది. అది సోమవారం. ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం, పదిన్నర నుంచి పన్నెండు దాకా యమగండం. మధ్యలో ఉన్న కాస్త టైములో యోగం బాగుండాలి.

అది తేల్చేదెవరు? 1952లో శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన కేంద్రం క్యాలెండర్ సంస్కరణకు కమిటీ వేసింది, 1957లో జాతీయ క్యాలెండర్ కూడా తెచ్చింది. అయినా ఆకాశంలో కనబడేదానితో సరిపోయేలా లెక్క కట్టే దృక్కువాళ్లకూ, పాత సూత్రాలతోనే కట్టే పూర్వపద్ధతివాళ్లకూ రాజీ కుదరలేదు. మేషం ఎక్కడ మొదలవుతుందో తేల్చే అయనాంశలో తేడా వస్తే తిథికి నొప్పి లేదు. చంద్రుడిలోంచి సూర్యుణ్ణి తీసేస్తారు కాబట్టి తేడా కొట్టుకుపోతుంది. యోగంలో ఇద్దర్నీ కూడతారు కదా, తేడా రెండింతలవుతుంది. ఒక్క డిగ్రీ అభిప్రాయభేదానికి యోగం మూడు గంటలకు పైనే జరుగుతుంది. ఒకాయన లెక్కలో వైధృతిలో కట్టిన తాళి ఇంకొకాయన లెక్కలో విష్కంభంలో పడొచ్చు.

కాబట్టి వచ్చే వ్యతీపాతం ఎన్నింటికని నాకు ఫోన్ చేసేవాళ్లు, ముందు మీ ఇంట్లో ఎవరి పంచాంగం కొన్నారో చెప్పండి.