సవరణ: సింగపూర్ మీడియేషన్ ఒడంబడిక మన కోర్టుల్లో వర్తిస్తుందా అన్న విషయం

చీమకుర్తి గ్రానైట్ ఎగుమతిదారుల కోసం రాసిన గత పోస్టులో, విదేశీ కొనుగోలుదారుతో మీడియేషన్ (తటస్థ వ్యక్తి సాయంతో ఇరుపక్షాలే రాజీకి రావడం) ద్వారా కుదిరిన రాజీని, అలాంటి రాజీల అమలు కోసం దేశాలు చేసుకున్న సింగపూర్ ఒడంబడిక కింద నేరుగా ఒంగోలు కోర్టులో అమలు చేయించుకోవచ్చని పేర్కొన్నాను. అది తప్పు. 2018 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన ఆ ఒడంబడికపై భారతదేశం 2019 ఆగస్టు 7న సంతకం చేసింది గానీ, ఇంకా ధ్రువీకరించలేదు (అంటే, దానికి కట్టుబడతామని లాంఛనంగా తెలపలేదు) కాబట్టి, దాని ప్రకారం అమలు కోరే హక్కు ఇక్కడ ఎవరికీ ఏర్పడలేదు. ఒడంబడిక పాఠాన్ని, ఐక్యరాజ్యసమితి ప్రచురించే సభ్యదేశాల పట్టికను చూశాక ఈ సవరణ రాస్తున్నాను.

కోర్టు మీడియేషన్ కేంద్రంలో కుదిరిన రాజీకి కూడా ఈ ఒడంబడిక వర్తిస్తుందని కొందరు పాఠకులు అనుకున్నారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 89వ సెక్షన్ కింద కోర్టు పంపగా కుదిరి, డిక్రీగా (కోర్టు తీర్పు ఉత్తర్వుగా) మారిన రాజీ అసలు ఆ ఒడంబడిక పరిధిలోకే రాదు. కుటుంబ, వారసత్వ, ఉద్యోగ వివాదాలూ అంతే. సరుకు ఓడ ఎక్కించి డబ్బు కోసం ఎదురుచూసే చిన్న వ్యాపారికి ఈ తేడా ఎంతో ముఖ్యం. మరో దారి ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట ఇరుపక్షాలు ఎంచుకున్న ఆర్బిట్రేటర్ తీర్పు ఇచ్చే పద్ధతి: అది మొదలయ్యాక కుదిరిన రాజీని అవార్డుగా (ఆర్బిట్రేటర్ తీర్పుగా) రాయించుకుంటే, విదేశీ అవార్డుల అమలు కోసం ఉన్న 1958 నాటి న్యూయార్క్ ఒడంబడిక ద్వారా సభ్యదేశాల్లో అమలుకు దారి ఉంటుంది గనుక, అమ్మకం ఒప్పందంలో ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నదీ లేనిదీ సంతకానికి ముందే న్యాయవాదికి చూపించుకోవాలి.