డిశ్చార్జితో చేతులు దులుపుకోవద్దు

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను వారాల తరబడి కాపాడి, తల్లి ఒడిలో పెట్టి పంపడం చిన్న విషయం కాదు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ బోధనాసుపత్రుల వైద్యులు, నర్సులు రాత్రింబవళ్లు చేస్తున్న ఆ సేవకు చేతులెత్తి మొక్కాలి. మా ఆందోళనంతా ఆ తర్వాతి రోజుల గురించే. ఉదయగిరి, సీతారామపురం వైపు పల్లెలో ఆ బిడ్డను దించి వాహనం వెళ్లిపోయాక, అంతవరకూ యంత్రాలూ నర్సులూ కలిసి చూసుకున్న పని ఒక్క పచ్చి బాలింత మీద పడుతోంది.

ఆ పని ఎంతటిదో చూడండి. రెండు గంటలకోసారి పాలు పిండి, ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టాలి. పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం ఒకదానితో ఒకటి కుదరని పసికందు అది. తొందరపడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒంట్లో కొవ్వు లేదు కాబట్టి కూలర్ గాలికే అరికాళ్లు చల్లబడతాయి. అందుకే బిడ్డను రొమ్ముకు ఆనించి కట్టుకునే కంగారూ పద్ధతిని రోజుకు 8 గంటలకు తగ్గకుండా, వీలైతే రోజంతా పాటించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. వంటా, నీళ్లూ, పెద్దబిడ్డ ఆలనా తనే చూసుకోవాల్సిన తల్లికి అది ఒంటరిగా సాధ్యమా? తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ వంతులవారీగా ఎత్తుకోవాల్సిందే.

ఆసుపత్రిలో జాగ్రత్తలన్నీ తల్లికి మాత్రమే చెబుతున్నారు. ఇంట్లో మాట చెల్లేది పెద్దావిడది. సాంబ్రాణి పొగ, రోజూ నలుగుపెట్టి స్నానం, నాలుకకు తేనె, ఇవన్నీ ఆమె ప్రేమతో చేసేవే. కానీ పండని ఊపిరితిత్తులకు పొగ హాని, బరువు పెరగని ఒంటికి స్నానం చలి. ఆమెను పిలిచి, పక్కన కూర్చోబెట్టి, గౌరవంగా చెప్పకుండా బిడ్డను ఇంటికి పంపకూడదు.

2011 నుంచి అమల్లో ఉన్న పథకం ప్రకారం ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 42 రోజుల్లోపు ఆరుసార్లు వెళ్లాలి. ఆ రోజులు లెక్కించేది పుట్టిన నాటి నుంచి. నలభయ్యో రోజున ఇల్లు చేరే బిడ్డకు ఆ లెక్కలో మిగిలేదేమిటి? 2018లో వచ్చిన మరో పథకంలో తదుపరి పలకరింపు మూడో నెలలో. ప్రాణం గాలిలో దీపంలా ఉండే వారాలే ఖాళీగా మిగులుతున్నాయి. ఇంటికి చేరిన రోజు నుంచే లెక్క మొదలుపెట్టి, తొలి ఆరు వారాలూ వారం వారం తూకం వేయాలి. బిడ్డ డొక్కలెగరేస్తున్నా, పాలు మానేసినా వెంటనే 108కు చేరవేసే బాధ్యత ఆ వ్యవస్థదే కావాలి.

కంటి పరీక్ష ఇంకా అత్యవసరం. 34 వారాల లోపు లేదా 2 కిలోల లోపు బరువుతో పుట్టినవారికి నెల తిరిగేలోగా రెటీనా పరీక్ష జరగాలి. కంటిపొరలో పెరిగే వంకర రక్తనాళాలను సకాలంలో లేజర్‌తో అదుపు చేయకపోతే చూపు పోతుంది, పోతే తిరిగి రాదు. పైకి కన్ను మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి తల్లిదండ్రులకు అనుమానం రాదు. ఒకరోజు కూలి వదులుకుని, కిక్కిరిసిన బస్సులో ఆ పసిగుడ్డుతో నెల్లూరు దాకా రమ్మనడం అన్యాయం. పరీక్ష తేదీ, వాహనం రెండూ డిశ్చార్జి కాగితంలోనే ఖరారు కావాలి.

కొద్దిమంది బిడ్డలు ఆక్సిజన్ యంత్రంతో ఇంటికి వస్తారు. నవంబరు, డిసెంబరు వాయుగుండాలకు మన జిల్లాల్లో గంటల తరబడి కరెంటు పోవడం కొత్త కాదు. అలాంటి ఇళ్ల జాబితాను ఆసుపత్రులు విద్యుత్ సంస్థకు, తహసీల్దారుకు అందజేయాలి. నిండు సిలిండరు ఒకటి ఆ ఇంట్లో ముందే ఉంచాలి. ఇందుకు కొత్త చట్టాలేమీ అక్కర్లేదు. ఈ వానాకాలం లోపే కలెక్టర్లు ఉత్తర్వులివ్వాలి.